దరఖాస్తులో దేశం ఉంది, వాడ లేదు

బిజినెస్ స్కూళ్ళ సంగతి మనకెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. కూలిరేటు తేలలేదు, ఇళ్ళస్థలాలు తేలలేదు, శ్మశానానికి దారి తేలలేదు, మధ్యలో ఈ హార్వర్డ్ గొడవ ఏమిటని నవ్వొచ్చు. నవ్వనివ్వండి. ఒకప్పుడు కరణం దస్త్రం ఎవరి చేతిలో ఉంటే భూమి వాళ్ళదయ్యేది. ఆ దస్త్రం చదవడం రానందుకు మన తాతలు వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు దస్త్రం కంపెనీ బోర్డు గదిలో ఉంది. విత్తనం ధర, పురుగుమందు ధర, ఆస్పత్రి బీమా, ఫోను బిల్లు, మైక్రోఫైనాన్సు వడ్డీ, అన్నీ అక్కడే తేలుతున్నాయి. 1991 తర్వాత సర్కారు కొలువులకు తాళాలు పడుతూ వచ్చాయి. కంపెనీ కొలువుల్లో రిజర్వేషన్ లేదు. ఆ కంపెనీల పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది బిజినెస్ స్కూళ్ళలో తయారైనవాళ్ళు. ఆ కుర్చీదాకా పోయే దారి ఎవరికి తెరిచి ఉంది, ఎవరికి మూసి ఉంది? ఇది మన ప్రశ్న కాకపోతే ఇంకెవరిది?

ఇప్పుడు మన వాడల్లో కూడా ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్నారు. బీకాం చేసి బ్యాంకుల్లో, కంపెనీల్లో నాలుగైదేళ్ళు పనిచేసిన పిల్లలున్నారు. గురుకులాల్లో చదివి ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడే ఆడపిల్లలున్నారు. విదేశంలో ఎంబీఏ చేస్తామని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో మనకు తెలిసుండాలి. ముఖ్యంగా ఒక మాట తెలిసుండాలి. ఆ స్కూళ్ళ గేటు దగ్గర నీ మార్కులతోపాటు నీ చోటును కూడా తూకం వేస్తారు. ఆ తూకం ఎట్లా వేస్తారో తెలియకుండా పోతే మోసపోతాం.

ఎక్కడివాడివి అంటే మూడు ప్రశ్నలు

మనూళ్ళలో 'ఎక్కడివాడివిరా' అని అడిగితే దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉంటుందని మనకు తెలుసు. విదేశీ బిజినెస్ స్కూలు అడిగే 'ఎక్కడివాడివి'లో మూడు ప్రశ్నలుంటాయి.

మొదటిది, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది? రెండోది, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నావు? మూడోది, ఎక్కడ చదివావు, ఎక్కడ పనిచేశావు? మూడూ ఒకటే అనుకుంటాం గానీ కాదు. స్కూళ్ళు ఏటా తమ తరగతి లెక్క అచ్చు వేసుకుంటాయి. విదేశీయులు ఇంత శాతం, ఇన్ని దేశాలవాళ్ళు ఉన్నారని చాటుకుంటాయి. ఆ లెక్క ఎక్కువగా పాస్‌పోర్టును బట్టి వేస్తారు. హైదరాబాద్‌లో పుట్టి న్యూజెర్సీలో పదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, చేతిలో ఇండియా పాస్‌పోర్టు, పని వీసా ఉంటే వాడు అంతర్జాతీయ అభ్యర్థే. రేపు గ్రీన్‌కార్డు చేతికొస్తే చాలా స్కూళ్ళ లెక్కలో వాడు స్వదేశీ. మనిషి అదే, ఇల్లు అదే, తెలివి అదే. కాగితం మారింది, నిలబడే వరుస మారింది.

ఉంటున్న చోటు ఇంటర్వ్యూ దగ్గరా, వీసా దగ్గరా పనిచేస్తుంది. చదివిన చోటు, పనిచేసిన చోటు దరఖాస్తు చదివే అధికారి మనసులో పనిచేస్తాయి. పేరున్న కాలేజీ, పేరున్న కంపెనీ కనబడితే అధికారికి పని తేలిక. పేరు తెలియని జిల్లాలో పేరు తెలియని సంస్థ కనబడితే అభ్యర్థే విప్పి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆ కాగితం మూగగా మిగిలిపోతుంది.

ఇండియా అనే కుప్ప

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న ఇండియా విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాదే ఇండియా చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చింది. బిజినెస్ స్కూళ్ళకు రాసే జీమ్యాట్ పరీక్ష సంగతి చూసినా అమెరికా, చైనా, ఇండియావాళ్ళే ఎక్కువ. సీట్లేమో తక్కువ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో ఏడాదికి 900 పైచిలుకు, స్టాన్‌ఫర్డ్‌లో 400 పైచిలుకు. వాటిలో విదేశీయుల వాటా మూడోవంతు, కాస్త అటూ ఇటూ. ఆ వాటాలోనే ప్రపంచంలోని అరవై డెబ్బై దేశాలవాళ్ళు సర్దుకోవాలి.

దేశాలవారీ కోటాలు లేవని స్కూళ్ళన్నీ చెబుతాయి. మంచిదే. కానీ తరగతిలో అన్ని రకాల మనుషులు ఉండేట్టు కూర్చుకుంటామని కూడా వాళ్ళే చెబుతారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే దేశం నుంచి, ఒకే చదువు చదివి, ఒకే రకం కంపెనీలో పనిచేసిన వందలమంది వచ్చి నిలబడితే, అధికారి వాళ్ళను వాళ్ళతోనే పోల్చి ఏరుకుంటాడు. కోటా అని రాసిపెట్టక్కర్లేదు, జల్లెడ చాలు.

ఆ జల్లెడకు ఒక పనిముట్టు కూడా ఉంది. జీమ్యాట్ నడిపే సంస్థ 2014లో అడ్మిషన్ అధికారుల కోసం ఒక కొత్త లెక్క తెచ్చింది. అభ్యర్థి మార్కును ప్రపంచం మొత్తంతో మాత్రమే కాకుండా, అతని ప్రాంతంవాళ్ళతో, అతని దేశంవాళ్ళతో పోల్చి చూసుకునే వీలు అందులో ఉంది. ఎందుకు తెచ్చారు? లెక్కల విభాగంలో ఆసియావాళ్ళ మార్కులు ఏటికేడు పెరిగిపోయి, అమెరికా పిల్లల స్థానం కిందికి జారింది. వాళ్ళ పిల్లలను వాళ్ళ పిల్లలతోనే పోల్చుకోవాలనిపించింది, పోల్చుకున్నారు.

దీన్ని మనం తిట్టాలా, మెచ్చుకోవాలా? నిదానంగా ఆలోచించండి. ఒకే మార్కు ఇద్దరికి వచ్చినంత మాత్రాన ఇద్దరూ సమానం కాదు, ఎవరు ఏ వసతులతో ఆ మార్కు తెచ్చుకున్నారో చూడాలి అనేది ఈ పనిముట్టు వెనకున్న ఆలోచన. ఈ ఆలోచన ఎవరిది? మనదే కదా! రిజర్వేషన్ల గురించి మనం ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే కదా! 1990లో మండల్‌కు వ్యతిరేకంగా రోడ్ల మీద బూట్లు తుడిచి, చీపుర్లు పట్టి, ప్రతిభ చచ్చిపోతోందని ఏడ్చినవాళ్ళు, అమెరికా వాడు తన పిల్లలకోసం ఇదే సూత్రం వాడుకుంటే కిక్కురుమనలేదు. సూత్రం ఒప్పే. గీత గీసిన చోటే తప్పు.

గీత దేశం దగ్గర గీశారు. గీతకు లోపల ఇండియా అంతా ఒకే కుప్ప. ఆ కుప్పలో ఎవరెవరున్నారు? తాత కలెక్టరు, తండ్రి ఐఐటీ, తను కూడా ఐఐటీ చదివి ముంబైలో విదేశీ కన్సల్టింగ్ కంపెనీలో పనిచేస్తున్న అబ్బాయి ఉన్నాడు. తల్లి నాట్లకు పోయి, తండ్రి హమాలీ చేసి చదివించిన అమ్మాయీ ఉంది. వాడు మూడో క్లాసు నుంచే ఇంగ్లీషులో కలలు కన్నాడు. ఈమె సంక్షేమ హాస్టల్లో రేకుల పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివింది. న్యూయార్కులోనో లండన్‌లోనో కూర్చున్న అధికారికి ఇద్దరూ ఇండియా. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, ఇండియావాళ్ళలో ఎవరు మేలని చూస్తాడు. అమెరికా పేదపిల్లను అమెరికావాళ్ళతో పోల్చారు. మన పేదపిల్లను మాత్రం మన దొరల పిల్లలతో పోల్చారు. దేశం ఎంత రద్దీగా ఉందో ఆ భారం ఈమె మోయాలి. దేశంలో ఎవరు ఎవరిని తొక్కారో ఆ భారమూ ఈమే మోయాలి. ఒక్క దరఖాస్తుకు రెండు మోతలు.

నల్లవాళ్ళ తలుపు మనకు తెరుచుకోదు

అమెరికాలో నల్లవాళ్ళు కొట్లాడి తెరిపించుకున్న ఒక తలుపు ఉంది. 1966లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు చొరవతో, మేనేజ్‌మెంట్ చదువులకోసం కొన్ని యూనివర్సిటీలు కలిసి కన్సార్షియం పెట్టాయి. నల్లజాతి యువకులను కంపెనీల నిర్వహణలోకి తేవాలని మొదలైంది. తర్వాత స్పానిష్ మూలాలవాళ్ళకూ, ఆదివాసులకూ విస్తరించింది. ఒకే దరఖాస్తుతో చాలా స్కూళ్ళకు పోవచ్చు, ఎంపికైతే పూర్తి ఫీజు ఫెలోషిప్పు దొరికే అవకాశం ఉంది. వేలమంది ఆ దారిన పైకి వచ్చారు. కానీ ఆ దారి అమెరికా పౌరులది, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళది. అది న్యాయమే. వాళ్ళ చరిత్రకు వాళ్ళ మందు. మన అమ్మాయి అక్కడికి పోయి నేను కూడా వెలివాడ నుంచే వచ్చానంటే, నువ్వు అంతర్జాతీయం, పక్క కౌంటరుకు పో అంటారు. పక్క కౌంటర్లో ఆమె ఇండియా. అక్కడ వెలివాడ అనే గడి లేదు.

2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి అడ్మిషన్ ఇవ్వడాన్ని కొట్టేసింది. అయితే ఒక మనిషి తన జాతి వల్ల ఏం అనుభవించిందో, దాన్నెట్లా ఎదుర్కొందో వ్యాసంలో రాసుకుంటే, ఆ రాసుకున్నదాన్ని ఆ మనిషి గుణంగా చూడొచ్చని అదే తీర్పు చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రెండు గేట్లు, రెండు తీర్లు

ఇంకో సంగతి మన కార్యకర్తలు గ్రామాల్లో తప్పకుండా చెప్పాలి. విదేశీ చదువుకు రెండు గేట్లున్నాయి. పేరున్న గేటు దగ్గర ఇండియా అంటే రద్దీ. పేరులేని గేటు దగ్గర ఇండియా అంటే బేరం. విదేశీ విద్యార్థి కట్టే పూర్తి ఫీజు మీద బతికే కాలేజీలు అమెరికాలో, ఇంగ్లండులో, కెనడాలో చాలా ఉన్నాయి. అక్కడ మన చోటు మనకు అడ్డం కాదు, వాళ్ళకు లాభం. ఏజెంట్లకు కమీషనిచ్చి మరీ పిలిపించుకుంటారు. సీటు వచ్చిందని ఊళ్ళో ఫ్లెక్సీ కడతాం. ఫీజు కట్టేవాడికి సీటు రావడం గెలుపు కాదని అప్పు తీర్చేటప్పుడు గానీ తెలియదు.

కన్సల్టెన్సీవాడు చెప్పే మాటలన్నీ నమ్మొద్దు. లేని ఉద్యోగానికి అనుభవం సర్టిఫికెట్ పుట్టిస్తానంటాడు. వ్యాసం నేనే రాసిపెడతానంటాడు. పేరున్న స్కూళ్ళు సీటు ఇచ్చిన తర్వాత కూడా ఉద్యోగం, డిగ్రీ నిజమా కాదా అని విచారిస్తాయి. అబద్ధం దొరికితే సీటు పోతుంది, పరువు పోతుంది, కట్టిన డబ్బు పోతుంది. పైగా అందరికీ ఒకే అచ్చులో రాసిచ్చే వ్యాసం మన పిల్లల అసలు బలాన్నే చెరిపేస్తుంది.

దారిఖర్చు ఎవరిది?

చోటు అంటే దూరం, దూరం అంటే డబ్బు. జీమ్యాట్ పరీక్ష ఫీజు సుమారు 275 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన వేసుకున్నా 23 వేల పైచిలుకు. 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క పరీక్ష ఫీజు 76 రోజుల మట్టి పని. హైదరాబాద్‌లో ఉన్నవాడు ఆటో ఎక్కి పరీక్షకు పోతాడు. ఆదిలాబాద్ అడవి అంచు నుంచి వచ్చేవాడికి 300 కిలోమీటర్లు, ఒక రాత్రి లాడ్జి. పరీక్ష ఒక్కసారితో తెగదు. ఉన్నవాళ్ళు రెండుసార్లు, మూడుసార్లు రాస్తారు. ఆ తర్వాత ఒక్కో స్కూలుకు దరఖాస్తు ఫీజు. 250 డాలర్ల దాకా అడిగే స్కూళ్ళున్నాయి. సీటొస్తే అమెరికాకు పోయేవాడు విద్యార్థి నమోదు రుసుం 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు వేరేగా కట్టాలి. వీసా రాకపోతే ఆ 185 వెనక్కి రావు.

చదువు ఖర్చు సంగతి చూడండి. హార్వర్డ్‌లో ఎంబీఏ ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 76 వేల డాలర్లు దాటింది. అంటే 65 లక్షల రూపాయల దగ్గర. చదువు రెండేళ్ళు. తిండి, అద్దె, బీమా వేరే. బ్యాంకుకు పోతే ఏడున్నర లక్షలు దాటిన చదువప్పుకు ఆస్తి తాకట్టు పెట్టమంటారు. మన ఆస్తి ఏమిటి? సర్కారిచ్చిన లావుణి పట్టా, డి-పట్టా. ఆ భూమిని అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. దొరలు కాజేయకుండా పెట్టిన కట్టడి అది, మంచికే పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలకు సడలింపు ఇచ్చారు. అయినా చదువప్పు కోసం ఆ కాగితం తీసుకుపోతే బ్యాంకు మేనేజరు దాన్ని తిరగేసి మరగేసి వెనక్కి ఇచ్చేస్తాడు.

వీసా కిటికీ దగ్గర ఇదే కథ ఇంకో తీరుగా నడుస్తుంది. ప్రతి అభ్యర్థీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలని అమెరికా వలస చట్టంలో 214(బి) అనే నిబంధన చెబుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అభ్యర్థిదే. సొంత దేశంతో నీకున్న బంధం ఏమిటని చూస్తారు. పొలం, ఇల్లు, బ్యాంకులో డబ్బు ఉన్నవాడి బంధం కాగితం మీద గట్టిగా కనిపిస్తుంది. తరతరాలుగా ఈ మట్టిని తవ్వినవాడి బంధానికి కాగితం లేదు. భూమి ఇవ్వనివాళ్ళు ఇక్కడివాళ్ళు, భూమి ఏదని అడిగేది అక్కడివాళ్ళు. మధ్యలో నలిగేది మన పిల్లలు.

2025 మే నెలాఖరున అమెరికా కాన్సులేట్లు కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలు ఇవ్వడం ఆపేశాయి. మూడు వారాల తర్వాత జూన్‌లో, సోషల్ మీడియా ఖాతాలు తెరిచి చూపాలన్న షరతుతో మళ్ళీ మొదలుపెట్టాయి. సెప్టెంబరులో, ఎవరైనా సరే సొంత దేశంలోనో ఉంటున్న దేశంలోనో మాత్రమే వీసా అడగాలన్నారు. అదే నెలలో, దేశం బయటినుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్-1బి ఉద్యోగికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. చదువయ్యాక అక్కడ రెండేళ్ళు ఉద్యోగం చేసి అప్పు తీర్చొచ్చనే పాత లెక్క ఇప్పుడు గ్యారంటీ కాదు. ఆ లెక్క మీద ఇల్లు తాకట్టు పెట్టకండి.

సర్కారు సాయం ఎంతవరకు?

బాబాసాహెబ్ 1913లో న్యూయార్కు పోయింది సొంత ఆస్తితో కాదు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో కొలంబియాలో చదివారు. 1916లో లండన్ పోయారు. గడువు ముగిసి, చదువు పూర్తికాకుండానే 1917లో తిరిగి రావలసి వచ్చింది. దాచుకున్న డబ్బూ చేబదులూ కూడగట్టుకుని 1920లో మళ్ళీ పోయి 1923లో లండన్ డాక్టరేటు తెచ్చుకున్నారు. రూపాయి సమస్య మీద, కంపెనీ పాలన ఆర్థిక లెక్కల మీద రాసిన మనిషి ఆయన. మధ్యలో బరోడాలో కొలువు చేయడానికి వస్తే, కొలంబియా చదువున్న ఆ మనిషికి ఊళ్ళో గది అద్దెకు దొరకలేదు. ఆ అనుభవాలు రాసుకున్న కాగితాలకు ఉన్న పేరు 'వీసా కోసం ఎదురుచూపు'. సొంత దేశంలో తిరగడానికే వీసా కావలసి వచ్చినవాళ్ళం మనం.

రాజుల దయ పోయి ప్రజల ప్రభుత్వాలు వచ్చాయి. కేంద్రం నడిపే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు 1954-55 నుంచి ఉంది. ఏడాదికి మొత్తం 125 మందికి ఇస్తారు, అందులో 115 ఎస్సీలకు. 30 శాతం ఆడపిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. మేనేజ్‌మెంట్ చదువులూ దాని పరిధిలోకి వస్తాయి. దేశం మొత్తం మీద 125! 2025 జూలైలో 106 మందిని ఎంపికచేసి, ముందు 40 మందికే లేఖలిచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. విదేశీ స్కూలు ఇచ్చిన గడువు నిధులకోసం ఆగదు. సీటు చేతిలో పట్టుకుని లేఖకోసం చూసే పిల్లల గోస ఎవరికి పట్టింది?

తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తారు. మంచి పథకమే. కానీ పైన చెప్పిన ట్యూషన్‌కు అది ఒక్క ఏడాదిలో మూడోవంతుకు కూడా సరిపోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పథకం పేరు మార్చి, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200 యూనివర్సిటీలకే అని గీత గీశారు. సొమ్ము పెరిగింది, అందుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇంకో చిక్కు చూడండి. ర్యాంకు గీత గీస్తే, మనవాళ్ళు రద్దీ ఎక్కువున్న గేటు దగ్గరికే పోవాలి. ఆ గేటు దగ్గర గెలవడానికి కావలసిన శిక్షణ మాత్రం ఎవరూ ఇవ్వరు.

మన చోటే మన బలం

ఇదంతా చదివి దిగులుపడొద్దు. జల్లెడ ఎట్లా ఉందో తెలిస్తే దాన్ని దాటే తీరూ తెలుస్తుంది. ఇండియా కుప్పలో అధికారికి విసుగు పుట్టించేది ఒకే రకం దరఖాస్తు. ఒకే చదువు, ఒకే నగరం, ఒకే రకం సాఫ్ట్‌వేర్ కొలువు. మన పిల్లల కథ ఆ అచ్చులో ఉండదు. పొదుపు సంఘం లెక్కలు పదో తరగతి నుంచే రాసిన అమ్మాయి కథ, చర్మకారుల సొసైటీ ఎందుకు మూతపడిందో అప్పుల పుస్తకంతో సహా తెలిసిన అబ్బాయి కథ, చేపల చెరువు వేలంలో వాడకు హక్కు తెచ్చిన యువకుడి కథ. ఇవన్నీ వ్యాపారం, నిర్వహణ, నాయకత్వమే. మనవాళ్ళు వాటికి ఆ పేర్లు పెట్టుకోవడం లేదు, అంతే.

కాబట్టి దరఖాస్తులో దేశం పేరు దగ్గర ఆగిపోవద్దు. ఊరు రాయాలి, వాడ రాయాలి. తల్లిదండ్రుల చదువు, పని అడిగే గడి ఉంటే సిగ్గుపడి ఖాళీ వదలొద్దు. మొదటి తరం చదువని స్పష్టంగా రాయాలి. అట్లాగని ఏడుపు రాయొద్దు. పేదరికాన్ని బిచ్చపు గిన్నెలా చాపొద్దు. ఏ అడ్డం వచ్చింది, దాన్ని ఎట్లా దాటాం, నలుగురిని ఎట్లా కలుపుకుపోయాం, రేపు ఏం చేస్తాం అని లెక్కతో రాయాలి. రాసుకున్న అనుభవాన్ని మనిషి గుణంగా చూడొచ్చని 2023 తీర్పు చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది.

కార్యకర్తలు పిల్లలకు ఈ సంగతులు చెప్పాలి:

ఒకటి. ఎంబీఏ డిగ్రీ అయిన వెంటనే పోయే చదువు కాదు. పేరున్న స్కూళ్ళలో చేరేవాళ్ళకు సగటున నాలుగైదేళ్ళ ఉద్యోగ అనుభవం ఉంటుంది. డిగ్రీ చివరి ఏడాదిలోనే సీటు ఖాయం చేసుకుని, కొన్నేళ్ళు పనిచేశాక చేరే పద్ధతి కూడా కొన్ని స్కూళ్ళలో ఉంది. హార్వర్డ్‌లో దాన్ని 2+2 అంటారు.

రెండు. దరఖాస్తులు విడతలవారీగా తీసుకుంటారు. మొదటి విడత సెప్టెంబరులో, రెండోది జనవరిలో, మూడోది వేసవి ముందు. విదేశాల నుంచి పెట్టేవాళ్ళు మూడో విడతకోసం ఆగొద్దు. సీట్లు తగ్గిపోతాయి, వీసాకు టైము చాలదు.

మూడు. జీమ్యాట్ మార్కు ఐదేళ్ళు చెల్లుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే రాసి పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు ఇప్పుడే తీసుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం ఆఖరి వారం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు.

నాలుగు. డబ్బు సాయం స్కూలునే అడగాలి. అవసరాన్ని బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పులకు విదేశీయులను కూడా సమానంగా చూసే స్కూళ్ళున్నాయి. అవసరం ఎక్కువున్న పదిశాతం మందికి పూర్తి ట్యూషన్ ఇస్తామని హార్వర్డ్ 2022లో ప్రకటించింది. దరఖాస్తు ఫీజు మాఫీ ఉందేమో ముందే ఉత్తరం రాసి అడగాలి. అడగడానికి సిగ్గెందుకు? దొర కొడుకు కూడా అడుగుతాడు.

ఐదు. ఒక్క అమెరికానే పట్టుకుని వేలాడొద్దు. ఫ్రాన్సులో, సింగపూర్‌లో క్యాంపసులున్న ఇన్సియాడ్‌లో చదువు పది నెలలే. ఇంగ్లండులో చాలాచోట్ల ఏడాదే. ఏడాది తగ్గితే ఒక ఏడాది ఖర్చు తగ్గుతుంది. ఇక్కడి ఐఐఎంలలో రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్ ఉంది, దాన్ని చిన్నచూపు చూడొద్దు.

మనం అడగాల్సింది

పిల్లలకు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే ఉద్యమం కాదు. తూకం మార్చమని అడగాలి.

రాష్ట్ర ప్రభుత్వాలను అడుగుదాం. విదేశీ విద్యానిధి సొమ్ము అసలు ఫీజుకు తగ్గట్టు పెంచండి. సీటు వచ్చిన తర్వాత కాదు, దరఖాస్తు పెట్టేనాటికే హామీలేఖ ఇవ్వండి. జీమ్యాట్, ఇంగ్లీషు పరీక్షల ఫీజులు మీరే కట్టండి. ప్రతి జిల్లా స్టడీ సర్కిల్లో విదేశీ దరఖాస్తులు చదివి దిద్దే మనిషిని పెట్టండి. తాకట్టు లేని చదువప్పుకు ఎస్సీ కార్పొరేషన్ జామీను నిలబడాలి. కేంద్రాన్ని అడుగుదాం. దేశంలో ఇన్ని కోట్లమంది దళితులుంటే 115 ఏమిటి? ఎంపికచేశాక నిధులు లేవనడం ఏమిటి?

ఆ స్కూళ్ళనూ అడుగుదాం. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కుల వివక్ష నిషేధమని తమ నిబంధనల్లో రాసుకున్నాయి. అక్కడి దళిత విద్యార్థులు, మిత్రులు పోరాడితే వచ్చింది అది. క్యాంపస్ లోపల కులం ఉందని గుర్తించినవాళ్ళు గేటు దగ్గర ఎందుకు గుర్తించరు? దేశంవారీగా మార్కులు పోల్చే పనిముట్టు తయారుచేయగలిగినవాళ్ళు, ఆ దేశంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసే ఒక్క గడి పెట్టలేరా? ఇండియా నుంచి ఇంతమందిని తీసుకున్నామని ఏటా చాటుకుంటారు కదా, అందులో వాడల నుంచి ఎంతమందో కూడా చెప్పండి. విదేశాల్లో ఉన్న మన అంబేడ్కర్ సంఘాల మిత్రులు ఈ ప్రశ్నను ఆయా యూనివర్సిటీలకు రాసి పంపాలని కోరుతున్నాం. ఇక్కడున్న మనం కలెక్టరేట్ ముందు పెట్టే డిమాండ్ల కాగితంలో దీన్ని కూడా చేర్చాలి. వచ్చే సెప్టెంబరు విడతకు ప్రతి మండలం నుంచి ఒక్క పిల్లనైనా, ఒక్క పిల్లాడినైనా సిద్ధం చేయాలి. కరణం దస్త్రం మన తాతలు చదవలేకపోయారు. బోర్డు గదిలో దస్త్రం చదివే చదువు మన పిల్లలకు దక్కాలి.